మిల్లు వంతెన దగ్గర

ఇంకా నలభై నిమిషాలుంది. సూర్యోదయానికి అరగంట ముందు దాకా నీళ్లలో గాలం పడకూడదని చట్టం. ట్రౌట్ చేపల సీజను మొదలయ్యే మార్చి శనివారం ఆ గడియ ఎన్నింటికో మా ఊళ్లో పెళ్లిరోజు మరిచిపోయిన మగాడు కూడా నిద్రలో లేపి అడిగినా చెబుతాడు, ఈసారి ఆరూ నలభై రెండు. ఇప్పుడు ఆరూ రెండు. నల్లబండ మీద కూర్చున్నాం నేనూ లోరియానూ, బండ చల్లదనం ప్యాంటు దాటి, లోపలి ఉన్ని లాగు దాటి, అరవై రెండేళ్ల ఎముకలోకి దిగుతోంది, కింద ఏరు ఇంకా కనపడదు గానీ వినపడుతోంది, రాత్రంతా పైన కొండ మీద మంచు గడ్డకట్టి ఉంటుంది కాబట్టి నీళ్లు తక్కువే, చప్పుడుని బట్టి చెప్పగలను, మోకాలికి కాస్త పైకి, అదే మధ్యాహ్నం ఎండకి మంచు కరిగిందంటే ఈ ఏరే గొంతు మార్చి అరుస్తుంది, పోయినేడు నేను వచ్చేసరికి అలాగే అరుస్తోంది, వద్దు, అది ఇప్పుడు వద్దు. పిల్ల పక్కనే ఉంది. పిల్లేమిటి, ఇరవై ఆరేళ్లు, తులూజ్ పట్నంలో ట్రామ్ నడుపుతుంది, రోజుకి ఎన్ని వేలమందిని దించుతుందో, నాకు మాత్రం వాళ్ల నాన్న ఉర్బేన్ భుజాల మీద కూర్చుని అతని చెవులు పట్టుకుని మెలిపెట్టిన పిల్లే. ఒళ్లో వాళ్ల నాన్న గాలపు కర్ర అడ్డంగా పెట్టుకుంది. ఆ కర్రతోనే పోయినేడు ఇదే రోజున ఉర్బేన్ ఇక్కడికొచ్చాడు, ఇక్కడే చచ్చిపోయాడు. యాభై ఏళ్ల స్నేహితుడు. అతను చచ్చిపోవడంలో నా పాలెంతో ఈ పిల్లకి ఈ నలభై నిమిషాల్లో చెప్పాలని నిన్ననే నిర్ణయించుకున్నాను, అందులో రెండు నిమిషాలు అప్పుడే బండ మీద కూర్చోవడానికి పోయాయి.

"బాబాయ్, దారం ఇలాగేనా పట్టుకోవడం?" అంటూ చూపుడువేలు నా ముఖం ముందు పెట్టింది. ఇలా కాదే, బిగించకు, వేలి మీద ఊరికే ఆననియ్యి, పసిపిల్ల వేలు పట్టుకున్నట్టు. చేప కొరకడం కంటికి కనపడదు, బెండు లేదు, ఏమీ లేదు, సీసపు గుండు రాళ్లని తాకుతూ దొర్లుతుంది, ఆ దొర్లుడంతా దారం వెంట వేలికి వస్తుంది, రాయి, రాయి, ఇసక, రాయి, ఉన్నట్టుండి రాయి కానిది ఒకటి టక్కుమంటుంది. "దానికీ దీనికీ తేడా ఎలా తెలుస్తుంది?" మీ నాన్న నాకు చెప్పిందే చెబుతున్నా, రాయి అడ్డం పడుతుంది, చేప అడుగుతుంది. నవ్వింది. ఆ నవ్వు వాళ్ల నాన్నదే, పై పెదవి ఒకవైపే లేస్తుంది. ఉర్బేన్ నాకు ఇది నేర్పినప్పుడు నాకు పన్నెండు, అతనికి పదమూడు, ఆ ఒక్క ఏడాది పెద్దరికాన్ని చచ్చేదాకా వదల్లేదు, ఒరేయ్ అన్సెల్మ్, నీ వేళ్లు మొద్దువేళ్లురా, రోడ్డు పని చేసేవాడి వేళ్లురా అనేవాడు, నేను రోడ్డు పనిలోకి వెళ్లడానికి ఆరేళ్ల ముందే అన్నాడు ఆ మాట. చేప అడిగితే నా వేలికి తెలుస్తుంది. మనిషి అడిగితే తెలియలేదు. అడిగినవాడు పోలీసు టోపీ పెట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నా తెలియలేదు.

థర్మాస్ మూత తిప్పి ఇద్దరికీ కాఫీ పోశాను. మా ఊళ్లో ప్రతివాడూ మిల్లు వంతెన దగ్గరే చేపలు పడతాడు. అడిగి చూడండి ఎవర్నయినా, ఎక్కడ పట్టావయ్యా ఈ చేపని అని, మిల్లు వంతెన దగ్గర అంటాడు. ఆ వంతెన కింద చేపలు లేక పాతికేళ్లయింది, ఆ సంగతి చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. దొంగతనం చేసినా క్షమిస్తారు గానీ చేపలుండే మంచి గుండం ఎక్కడుందో నోరు జారినవాణ్ణి పిచ్చివాడి కింద జమకడతారు. అబద్ధం చెప్పినా అతికినట్టుండాలి కాబట్టి ఉర్బేన్ ఇంకో మెట్టెక్కాడు, తొలిరోజున కారు తీసుకెళ్లి మిల్లు వంతెన పక్కనే అందరికీ కనపడేలా ఆపి, అక్కణ్ణించి గొర్రెల దొడ్డి వెనకగా కొండ మీది బీచ్ అనే చెట్ల అడవిలోకి దూరి గంటన్నర నడిచి ఇక్కడికొచ్చేవాడు. నాకూ అదే నేర్పాడు. ఈ చోటికి మేమిద్దరం పేరు కూడా పెట్టలేదు, పేరు పెడితే ఎప్పుడో ఒకప్పుడు నోట్లోంచి జారుతుందని, "అక్కడికి" అనుకునేవాళ్లం అంతే. గుండం చిన్నది, రెండు గాలాలు పడితే చేపలు బెదిరి బండ కిందికి పోతాయి, అందుకని తొలిరోజు ఒక ఏడు అతనిది, ఒక ఏడు నాది. పోయినేడు అతని వంతు. ఈ ఏడు నా వంతు, అది ఈ పిల్లకిచ్చాను, ఇవ్వడం కూడా పెద్ద గొప్పగా చెప్పుకోవడానికేం లేదు, ఒంటరిగా ఇక్కడికి రావడానికి ధైర్యం చాల్లేదు. ఇవాళ తెల్లారుజామున హెడ్‌లైట్లు ఆర్పి దిగాక చూసుకున్నాను, కారు ఎక్కడ ఆపానా అని. మిల్లు వంతెన పక్కనే. సరిగ్గా అతని కారు పోయినేడు నిలబడ్డచోటే. చెయ్యి తనంతట తనే స్టీరింగు తిప్పింది, ఏడాదిపాటు నిద్రపోని మనిషిని కదా నేను, ఆ చేతికి మాత్రం ఏమీ పట్టలేదు. లోరియాన్ దిగి, "ఓహో, ఇదా ఎత్తు!" అని మెచ్చుకోలుగా ఈల వేసింది.

ఎర్నెస్టిన్‌కి కూడా చెప్పొద్దనే అతని పంతం. సొంత పెళ్లానికి చెప్పకపోతే ఎలారా అంటే, దానికి చెప్తే వాళ్ల అన్నకి చెప్తుంది, వాళ్ల అన్నకి చెప్తే హ్యుగెట్ కాఫీ కొట్లో బోర్డు కట్టినట్టే, ఏమన్నా అయితే నీకు తెలుసు కదరా అన్నాడు. ఏమన్నా అయితే నీకు తెలుసు కదరా. ఎప్పుడన్నాడు ఈ మాట, మొదటిసారి లోరియాన్ పుట్టిన ఏడు, తర్వాత నా మోకాలు ఆపరేషన్ అప్పుడు, ఇంకోసారి ఈ బండ మీదే, సాసేజ్ కోస్తూ, కత్తి మొనతో నా వైపు చూపించి. నవ్వుతూనే అన్నాడు. నవ్వుతూ అన్న మాటలే ఇప్పుడు గుచ్చుకుంటున్నాయి, కోపంగా అన్నవన్నీ ఎటుపోయాయో.

ఆకాశం కాస్త బూడిదరంగుకి వచ్చింది. అవతలి గట్టున హేజెల్ పొదలు వేలాడేసిన పూత తెలుస్తోంది, నీళ్ల అంచు తెల్లగా. ఆరూ పదిహేను. చెప్పు. ఇప్పుడు చెప్పు. "నీకొకటి చెప్పాలే" అన్నాను, అన్నాను నిజంగానే, పైకే. తల తిప్పింది. "కాఫీలో చక్కెర ఎక్కువైంది" అన్నాను. ఛీ నా బతుకు.

సీజను తొలిరోజు మధ్యాహ్నం హ్యుగెట్ కొట్లో ముప్పైమందిమి చేరతాం, పట్టిన చేపలు తడి గడ్డిలో చుట్టి బల్ల మీద పరుస్తాం, అందరివీ మిల్లు వంతెన దగ్గర పట్టినవే. పోయినేడు పన్నెండైంది, ఉర్బేన్ రాలేదు. ఎవరూ పట్టించుకోలేదు, పెద్దది పడుంటుంది, మనకి చూపించకుండా వాసన తగలకుండా ఇంటికి చేరుద్దామని దొంగదారిన పోతున్నాడ్రా అని నవ్వుకున్నాం, అందరికన్నా పెద్దగా నవ్వింది నేనే. ఒంటిగంటకి ఎర్నెస్టిన్ కొట్టుకి ఫోన్ చేసింది. రెండింటికి పోలీసాయన వచ్చాడు, కుర్రవాడు, మైదానాల వైపువాడు, గుమ్మంలోనే నిలబడి, కారు మిల్లు వంతెన దగ్గరుందట, మనిషి లేడు, ఆయన మామూలుగా ఎక్కడ చేపలు పడతాడో తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగాడు. అందరూ నావైపు చూశారు. యాభై ఏళ్లుగా నానోట ఒక్క మాట ఊడుతుందేమోనని కాచుకున్న మొహాలు, చెవులు, ముప్పై జతలు. నాకు తెలుసు. నాలుక మీదే ఉంది. నేనేమన్నాను? "ఎక్కడుంటాడు, మిల్లు వంతెన దగ్గరే ఉంటాడు, ఇంకాస్త కిందికి చూడండి" అన్నాను. ఇంకాస్త కిందికి అని కూడా అన్నాను, అడక్కుండానే, అబద్ధానికి అతుకు వేశాను. ఆలోచించి అన్న మాటైతే ఉరితీసినా ఒప్పుకుందును, ఆలోచించలేదు, తలుపు కొడితే ఎవరూ అన్నట్టు వచ్చేసింది. ఆ తర్వాత ఆలోచించాను, అది ఇంకా పాపం. వీడేదో పెద్ద చేప వెంటపడి కూర్చున్నాడు, నేనే మెల్లిగా వెళ్లి పిలుచుకొస్తాను, గుండమూ దక్కుతుంది మనిషీ దక్కుతాడు అనుకున్నాను. కప్పులో కాఫీ ఉంది. అది తాగి లేచాను. ఆఖరి గుక్క అడుగున చక్కెర ఉంటుంది, అదంటే నాకిష్టం, దాన్ని కూడా వదల్లేదు.

"బాబాయ్, అదుగో చూడు" అంది. ముదురు గోధుమరంగు పిట్ట, రొమ్ము తెల్లన, నీళ్ల మధ్య రాయి మీద వంగి వంగి దండాలు పెడుతోంది, బుడుంగున నీళ్లలోకే నడిచి వెళ్లిపోయి అవతల తేలింది. పోయినేడూ ఉందిది. ఉర్బేన్ పక్కనే మూడడుగుల్లో నిలబడి ఇలాగే వంగుతోంది, దానికేం తెలుసు. ఆ రోజు నేను బీచ్ చెట్ల అడవి ఎక్కుతున్నంతసేపూ కింద లోయలో హెలికాప్టర్ చప్పుడు వింటూనే ఉన్నాను, వంతెన కిందుగా, ఇంకా కిందుగా, నేను పంపిన వైపే బుద్ధిగా వెతుకుతోంది. అది ఒక్కసారి ముక్కు ఇటు తిప్పితే నాలుగు నిమిషాలు. సగం దారిలో ఆగాను, వెనక్కి పరిగెత్తి చెబుదామా అని, దారిలో ఎక్కడా ఫోన్ అందదు, మళ్లీ ఈ నల్లబండ మీదే ఒక గీత సిగ్నల్ దొరుకుతుంది, సగం వచ్చేశాం కదా అని ఎక్కాను. నాలుగైంది వచ్చేసరికి. ఈ బండ వారన దిగుతూ జారినట్టున్నాడు, తొడ ఎముక విరిగింది, నడుం దాకా నీళ్లలో, పై సగం కంకర మీద, అక్కడ ఫోన్‌కి ఆ ఒక్క గీత కూడా దొరకదు. నీళ్లు పెరిగి అరుస్తున్నాయి. మూడూ మూడుంపావు మధ్య ప్రాణం పోయుంటుందని డాక్టరు అన్నాడు, చలికే పోయాడు, విరిగిన కాలికి కాదు. రెండింటికి బతికే ఉన్నాడు. నేను చక్కెర నాకుతున్నప్పుడు బతికే ఉన్నాడు. గాలపు కర్రని రాళ్ల మధ్య నిటారుగా పాతి, కొనకి తన మెడలోని ఎర్ర రుమాలు కట్టాడు, పైనుంచి చూసేవాళ్లకి కనపడేలా. పైనుంచి చూసేవాళ్లు వస్తారని అతనికి నమ్మకం, ఎందుకంటే ఎక్కడున్నాడో తెలిసినవాడు ఒకడున్నాడు. ఆ రుమాలు నేను విప్పాను. ముందు రుమాలు విప్పి జేబులో పెట్టుకున్నాను, ఆ తర్వాతే బండెక్కి ఫోన్ చేశాను. అది చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది కదా, ఇతను ఎవరికోసమో ఎదురుచూశాడని.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇంకా ఒళ్లు మండుతుంది. అనుమానం వచ్చి వెతుక్కుంటూ పోయానని చెప్పాను. మేయరు చెయ్యి కలిపాడు. హ్యుగెట్ నెలరోజులు నాదగ్గర కాఫీ డబ్బులు తీసుకోలేదు. మోకాలి నొప్పితో అంత కొండ ఎక్కాడు చూడండి, స్నేహమంటే అదీ అన్నారు, నేను దొంగకి తేలు కుట్టినట్టు నోరు మూసుకుని తలూపాను. ఎర్నెస్టిన్ నా రెండు చెంపలూ పట్టుకుని ముద్దుపెట్టి, నువ్వు లేకపోతే నక్కలపాలయ్యేవాడు అంది. ప్రతి ఆదివారం ఆవిడ బల్ల దగ్గరే నా భోజనం, బాతు మాంసం, చిక్కుళ్లు, ఒకటి తిన్నాక ఇంకోటి వడ్డిస్తుంది, మింగుడుపడదు, మింగుతాను. అదైనా భరించొచ్చు. ఆవిడ ఉర్బేన్ సమాధి దగ్గరకి వెళ్లడం లేదు. పూలు లేవు, నవంబరులో చనిపోయినవాళ్ల రోజున కూడా ఊరంతా చామంతుల కుండీలు పెడితే ఉర్బేన్ రాయి బోడిగా ఉంది, నేను కొని పెడితే ఎవరు పెట్టమన్నారయ్యా అని తీసుకెళ్లి పక్క సమాధి మీద పెట్టింది. ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషికి ఎక్కడికి పోతున్నాడో ఒక్క మాట చెప్పని మగాడికి పూలెందుకు, చేప ముఖ్యమనుకున్నాడు, చేపలతోనే ఉండనీ అంది. వాడు చెప్పాడు ఎర్నెస్టిన్, నాకు చెప్పాడు, నిన్ను ఒంటరిగా వదిలేద్దామనుకోలేదు, నన్ను పెట్టి వెళ్లాడు. ఈ మాట ఆదివారం ఆదివారం నా పళ్లెం దాకా వచ్చి చిక్కుళ్లలో కలిసిపోతుంది.

ఆరూ ముప్పై. వెలుగు వచ్చేసింది. గుండం మధ్య ఆకుపచ్చ, అంచుల్లో గాజు, రాళ్లు ఒక్కొక్కటే తేలుతున్నాయి, రాయి పక్కన ఒక నీడ కదిలింది, అది రాయి కాదు. లోరియాన్ చూసింది, ఊపిరి బిగబట్టింది. ఎర్రచుక్కలవాడు, మన జానెడు ఉంటాడు, ఇంతకన్నా పెద్దవి ఈ చలినీళ్లలో పెరగవు. "అమ్మకి ఇది తీసుకెళ్తా బాబాయ్, తొలిరోజు చేప పందికొవ్వులో వేయించి నాన్న తనే పెట్టేవాడుగా, తింటుందంటావా?" అంది. తింటుందే అన్నాను. చూపు నీళ్ల మీదే ఉంచి, మామూలుగా, వాన పడేలా ఉందన్నట్టు అంది. "నాకూ కోపంగానే ఉంది తెలుసా. ఆ కారు అక్కడ పెట్టి ఆడిన నాటకమే చంపింది నాన్నని. తన చావు తనే తెచ్చుకున్నాడు. పోనీలే, నువ్వైనా వెతికావు." జేబులో రుమాలు ఉంది. ఏడాదిగా ప్రతి ప్యాంటు జేబులోంచి ఇంకో ప్యాంటు జేబులోకి మారుతూనే ఉంది. పిడికిట్లో పట్టుకున్నాను. తన చావు తనే తెచ్చుకున్నాడు. కాదే. కాదు తల్లీ. నోరు తెరిచాను, చలిగాలి లోపలికి పోయింది, మాట బయటికి రాలేదు, పన్నెండేళ్లప్పట్నుంచీ ఈ ఒక్క చోటు గురించి నోరు మూసుకోవడమే నేర్చుకున్న నోరు ఇది, ఇవాళ తెరిస్తే తెరుచుకుంటుందా. పన్నెండు నిమిషాలు. ఆ తర్వాత గాలం పడుతుంది, చేప వస్తుంది, ఆనందం వస్తుంది, ఈ పిల్ల ఆనందంలో ఉంటే అసలే చెప్పలేను, ఆదివారం చేప వేయించిన వాసన మధ్య కూర్చుని ఇంకా తింటాను, చచ్చేదాకా తింటాను.

ఫోన్ మోగింది. బండ మీద ఆ ఒక్క గీత సిగ్నల్. లోరియాన్ జేబులోంచి తీసి, "అమ్మ" అంది నాతో, స్పీకరు నొక్కి ఒళ్లో పెట్టుకుంది, చేతులు ఎర డబ్బా మీద ఉన్నాయి. ఎర్నెస్టిన్ గొంతు, రాత్రంతా నిద్రపోలేదని తెలిసిపోయే గొంతు.

"ఎక్కడున్నారే?"

లోరియాన్ నావైపు చూసి కన్నుగీటింది. పై పెదవి ఒకవైపు లేచింది.

"మిల్లు వంతెన దగ్గరమ్మా" అంది.

ఎంత బాగా అంది. ఒక్క పొద్దులోనే నేర్చేసుకుంది, కారు చూసి, ఎవరూ చెప్పకుండానే, అచ్చం వాళ్ల నాన్నలా, అచ్చం నాలా, ముద్దుగా, గర్వంగా, ఆటలో తననీ చేర్చుకున్నామని. ఈ బండ వారన నాచు ఉంది, ఇంకో పది నిమిషాల్లో ఈ పిల్ల దాని మీంచే దిగుతుంది, అక్కడ వంతెన పక్కన కారు ఉంది, ఇక్కడ మేమున్నాం, ఆ ముసలిది వంటింట్లో మిల్లు వంతెన అన్న మాట పట్టుకుని కూర్చుంటుంది. ఫోన్ ఎప్పుడు లాక్కున్నానో తెలీదు, ఎర డబ్బా దొర్లి వానపాములు బండ మీద పడ్డాయి.

"కాదు ఎర్నెస్టిన్, కాదు. నేను అన్సెల్మ్‌ని. వంతెన దగ్గర లేం. ఉర్బేన్ పోయిన చోట ఉన్నాం. ఈ చోటు నాకు తెలుసు. ఆ రోజూ తెలుసు. వెతుక్కుంటూ పోలేదు, తిన్నగా వచ్చాను. పోలీసాయన రెండింటికి అడిగాడు, కొట్లో అందరూ ఉన్నారు, వాళ్లు వింటారని వంతెన దగ్గర అన్నాను. వాడు నాకోసం చూశాడు ఎర్నెస్టిన్. కర్రకి రుమాలు కట్టి చూశాడు. ఏమన్నా అయితే నాకు తెలుసు అని నీకోసమే నాకు చెప్పి పెట్టాడు. వాడు తెచ్చుకోలేదు ఈ చావు."

ఇంకేం చెప్పానో. రుమాలు తీశాను, లోరియాన్ చేతిలో పెట్టాను, పెట్టానో, తనే తీసుకుందో. మడతలు విప్పి చూసింది. నావైపు చూడలేదు. "రెండింటికా?" అంది చాలా చిన్నగా. అవునన్నాను. లేచి బండ అవతలి అంచుకి వెళ్లి నిలబడింది, వీపు నాకు పెట్టి. నాచు, జాగ్రత్త, అనబోయి ఆగాను, ఆ మాట అనే హక్కు నాకుందో లేదో. ఫోన్లో ఏమీ లేదు, పెట్టేసిందేమో అనుకున్నాను, పెట్టలేదు, గోడ గడియారం చప్పుడు వినపడుతోంది, ప్రతి ఆదివారం వినే చప్పుడే. ఆరూ నలభై రెండు అయింది, దాటింది, నీళ్లలోకి గాలం పడలేదు, ఎర్రచుక్కలవాడు రాయి పక్కనే ఉన్నాడు. అంతలో కుర్చీ లాగిన చప్పుడు, సొరుగు లాగిన చప్పుడు, చెంచాలు గలగలమన్నాయి.

"ఆగు" అంది ఎర్నెస్టిన్. ఆ గొంతులో ఏడుపు లేదు, తిట్టు లేదు, నాకు తెలిసిన ఎర్నెస్టిన్ లేదు. "పెన్సిల్ తెచ్చుకున్నా. నువ్వెక్కడున్నావో మొదట్నుంచీ చెప్పు. ఆ రోజు అడిగితే ఎలా చెప్పాలో అలా చెప్పు. నెమ్మదిగా."

గొంతు సవరించుకున్నాను. "కారు మిల్లు వంతెన దగ్గర ఉంటుంది" అన్నాను. "దాన్ని నమ్మొద్దు."